కాపురాన్ని ఆజ్ఞాపించవచ్చునా? – విడాకుల వేదనపై ఒక నైతిక పరిశీలన

విడాకులకు కారణాలేమిటన్న ప్రశ్నకు క్రూరత్వం, పరిత్యాగం, వ్యభిచారం వంటి సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. ఇవి 1955 నాటి హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ గుర్తించిన కారణాలు. కాని మనసులు విడివడటం సాధారణంగా ఈ పేర్లకంటే ముందే జరుగుతుంది. అలా విడివడినవారిని కలిసి జీవించమని ఆజ్ఞాపించడం నైతికమేనా అన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

తెలుగునేలపై ఈ ప్రశ్న సూటిగా ఎదురైనది టి.సరిత – టి.వెంకటసుబ్బయ్య కేసులో. భార్య తనతో కాపురం చేసేట్లు ఆదేశించాలని భర్త కడపలో దావా వేశాడు. వివాదం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు చేరింది. దాంపత్య హక్కుల పునరుద్ధరణకు వీలు కల్పించే 9వ సెక్షన్ రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని 1983లో జస్టిస్ పి.ఎ.చౌదరి తీర్పు చెప్పారు. తన శరీరంపైనా, సంతానం విషయంలోనూ స్త్రీకి గల నిర్ణయాధికారం ఈ సెక్షన్ వల్ల రాజ్యం చేతికి పోతుందన్నది ఆయన వాదసారం. 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు దీనితో విభేదించి, వివాహం విచ్ఛిన్నం కాకుండా చూసే సామాజిక ప్రయోజనం ఆ సెక్షన్‌కు ఉన్నదని భావించింది. అయితే ఆ కేసులోనే, కాపురం కోరి భార్య పొందిన డిక్రీ ఏడాది గడిచినా అమలు కాలేదన్న ఆధారంపై భర్తకు విడాకులు లభించాయి. కలపవలసిన ఆజ్ఞ విడదీయడానికి మెట్టయింది.

సమాజం ఇదే ఆజ్ఞను హితవుగా పలుకుతుంది. కొత్తపట్నం వంటి తీరగ్రామంలోనైనా, నగరంలోనైనా “కాపురం నిలబెట్టుకో” అన్న మాట ఎక్కువగా కూతురికే వినిపిస్తుంది. “నిలబెట్టు”కు చేరిన “కొను” ఆత్మార్థకం. ఇద్దరూ చేయవలసిన పనిని అది ఒకరి బాధ్యతగా మార్చివేస్తుంది. అందుకే విడాకుల అనంతరం ఆమెను బాధించేది వియోగం మాత్రమే కాదు, “నిలబెట్టుకోలేకపోయాను” అన్న అపరాధభావం కూడా. పురుషునికి తన దుఃఖాన్ని పైకి చెప్పుకొనే చోటే తక్కువ. మరణానికి పరామర్శ ఉన్నది. ఈ నష్టానికి “తప్పెవరిది?” అన్న విచారణ మాత్రమే ఉన్నది. తల్లిదండ్రుల మధ్య నిలిచిన బిడ్డ కూడా ఆ విచారణలో సాక్షిగా మారవలసి వస్తుంది.

విడిపోవడం సులభమైతే ఆర్థికంగా ఆధారపడినవారు దిక్కులేనివారవుతారన్న ఆక్షేపణ తోసివేయదగినది కాదు. కాని దానికి పరిష్కారం భరణం, నివాసం, బిడ్డల సంరక్షణ. బలవంతపు సహజీవనం కాదు. కలిసి ఉండటానికి అవసరమైన స్థితిగతులను చట్టం, సమాజం కల్పించగలవు, ప్రేమను విధించలేవు. ఈ భేదాన్ని అంగీకరించినప్పుడే విడిపోయినవారికి తీర్పుతోపాటు పరామర్శ కూడా దక్కుతుంది.