ప్రాణానికి మైల లేదు

పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం నాది. ఇన్నేళ్లూ గ్యాస్ క్రొమటోగ్రాఫ్ దగ్గరే గడిచాయి. ముడిమందులో మిగిలిపోయిన సాల్వెంట్ ఎంతుందో చూడాలి. ముప్పై మీటర్ల కాలమ్, లోపల సగం మిల్లీమీటరు రంధ్రం, చుట్టచుట్టి ఓవెన్‌లో వేలాడుతుంటుంది. ఆవిరి అందులోంచి పోతుంటే ఒక్కో పదార్థం తన సమయానికి బయటపడి తెరమీద పీక్‌గా లేస్తుంది.

1971లో లైనస్ పౌలింగ్ ఈ పద్ధతిలోనే మనిషి ఊపిరిని పరీక్షించి, అందులో సుమారు 250 పదార్థాలున్నాయని చూపించాడు. ఊపిరిలో దొరికేవాటిలో నాకు ఇష్టమైనది లిమొనీన్. నారింజ తొక్క గిల్లితే గుప్పుమనే వాసన దానిదే. తిండితో లోపలికి వెళ్లిన లిమొనీన్‌ను మంచి లివర్ విరగ్గొట్టేస్తుంది. సిరోసిస్ వచ్చిన లివర్‌కు ఆ శక్తి తగ్గిపోతుంది. మిగిలింది రక్తంలో తిరిగి, ఊపిరితిత్తుల్లోంచి బయటికి వస్తుంది. లివర్ మార్పిడి తర్వాత అది తగ్గిందని 2015లో బర్మింగ్‌హామ్ పరిశోధకులు రాశారు. లివర్ క్యాన్సర్ ఎక్కువగా పుట్టేది సిరోసిస్ ఉన్నచోటే. అందుకే సూది గుచ్చకుండా, ఊపిరి ఊదించుకుని దాన్ని ముందే పట్టుకోవాలని ప్రయత్నాలు.

ఇక్కడే నాకు ఛాందోగ్య ఉపనిషత్తు అడ్డొచ్చింది. దేవతలు ముక్కులోని ప్రాణాన్ని ఉపాసిస్తే అసురులు దానికి పాపం అంటించారు. అందుకే ముక్కుకు సువాసనా దుర్వాసనా రెండూ తెలుస్తాయట. వాక్కు, కన్ను, చెవి, మనసు అన్నీ అలాగే చెడ్డాయి. చివరికి ముఖ్యప్రాణం మీద పడితే, రాతికి తగిలిన మట్టిబెడ్డలా అసురులే ముక్కలయ్యారు. మరి పాపమంటని ప్రాణం రోగపు జాడ ఎలా మోస్తోంది?

ఆ ప్రాణం సూక్ష్మమైనది, మీ యంత్రానికి దొరికేది గాలి మాత్రమే అన్నారు మాకు పాఠం చెప్పే శాస్త్రిగారు. నాకు సమాధానం కాలేదు. ఉపనిషత్తు చెప్పేది నోట్లో ఉన్న ప్రాణం గురించి, మనం తినేది తాగేది దానితోనే అంటుంది. కారణమూ అక్కడే ఉంది: అది తిన్నదీ తాగిందీ మిగతా ప్రాణాలకు పెడుతుంది, తనకంటూ ఏదీ ఉంచుకోదు. అంటే శుద్ధి అంటే ఏదీ తాకకపోవడం కాదు, తాకినదాన్ని పట్టుకోకపోవడం. లివర్ చేయలేక వదిలేసినదాన్ని కూడా మోసి బయటికి చేరుస్తున్న ఊపిరి ఆ మాటకు ఎదురు సాక్ష్యం కాదు.

మా చిన్నమామయ్యకు హెపటైటిస్ బి ముదిరి లివర్ క్యాన్సర్ అయింది. ఆఖర్లో ఆయన నోటినుంచి తియ్యగా, ముక్కినట్టుగా ఒక వాసన వచ్చేది. ఇంట్లో ఆయనకు వేరే కంచం, వేరే గ్లాసు. పిల్లల్ని మంచం దగ్గరికి పోనిచ్చేవాళ్లు కాదు. ఆ వైరస్ రక్తంతో, లైంగిక సంబంధంతో, కాన్పులో తల్లినుంచి బిడ్డకు వస్తుంది. కంచంతో రాదు, ఊపిరితో రాదు. ఎప్పుడూ మడి తప్పని ఇల్లు ఆయనను మైలగా చూసింది. అది అధర్మమని నేను గట్టిగా నమ్ముతాను.

ఆయన కొడుక్కీ వైరస్ ఉందని తేలింది. ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకుంటాడు. "అక్కా, ఆ ఊదే పరీక్ష ఎప్పుడొస్తుందే?" అని మొన్న మళ్లీ అడిగాడు. బత్తాయి తిని ఊదినా లిమొనీన్ లేస్తుందిరా, తిండిదేదో జబ్బుదేదో ఇంకా విడదీయాలి, అందాకా ఒక్క స్కాన్ కూడా మానకు అని చెప్పాను.