తొందరపెట్టే తెర ముందు కాస్త ఆగమ్మా

తల్లీ, ఉద్యోగంలో చేరావు, నీ జీతం నువ్వు ఖర్చుపెట్టుకుంటున్నావు. సంతోషం. బట్టలు, సరుకులు, టికెట్లు అన్నీ ఫోన్లోనే కొంటున్నావు కాబట్టి ఒక్క మాట చెవిన వేసుకో. తెర నిన్ను తొందరపెడుతోందంటే ఆగాల్సిన చోటు అదే.

"రెండే మిగిలాయి", "అయిదు నిమిషాల్లో ఆఫర్ అయిపోతుంది" అని ఎర్రక్షరాలు కనబడగానే ఫోను పక్కన పెట్టు. నిజంగా అవసరమైన వస్తువైతే గంట తర్వాత కూడా అవసరమే.

టికెట్టు తీసుకునేటప్పుడు డబ్బు కట్టే పేజీని కిందిదాకా చూడు. నువ్వు అడగని బీమాకో విరాళానికో ముందే టిక్కు పెట్టి ఉండొచ్చు. తీసేయబోతే "నాకు రక్షణ అక్కర్లేదు" అని నీ చేతే అనిపించే బటన్ వస్తుంది. నిన్ను బెదరగొట్టడానికే ఆ మాట. మొహమాటం లేకుండా నొక్కెయ్. మొదట చూపిన ధరకన్నా చివర ఎక్కువ అడిగితే, ఆ ఎక్కువ దేనికో చదివాకే కట్టు.

"మొదటి నెల ఉచితం" అన్నచోట మరీ జాగ్రత్త. చేరడానికి ఒక్క నొక్కు చాలు, మానడానికి పేజీలకు పేజీలు తిప్పుతారు. మానే దారి ఎక్కడుందో చూసుకున్నాకే చేరు. యూపీఐ యాప్‌లో ఆటోపే తెరిస్తే, నెలనెలా ఎవరికి డబ్బు వెళ్లేలా ఒప్పుకున్నావో కనిపిస్తుంది. అక్కర్లేనివి అక్కడే రద్దు చెయ్యొచ్చు.

ఎప్పుడైనా చిక్కుకుంటే నిన్ను నువ్వు తిట్టుకోకు. మనిషి ఆత్రం, మొహమాటం, బద్ధకం బాగా తెలిసినవాళ్లు అల్లిన వలలివి. హ్యారీ బ్రిగ్నల్ అనే బ్రిటిష్ డిజైనర్ 2010లోనే వీటికి డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టాడు. మన దేశంలో 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి 13 రకాల ఎత్తుగడలను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. లేని కొరత చూపడం, అడగనివి బుట్టలో వెయ్యడం, వద్దంటే సిగ్గుపడేలా చెయ్యడం అన్నీ అందులో ఉన్నవే. అందుకే మోసం జరిగిందనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యి. తెలుగులోనే చెప్పుకోవచ్చు.

ఈసారి ఇంటికొచ్చినప్పుడు అమ్మనీ నాన్ననీ పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల ఫోన్లలో ఆటోపే కూడా చూడు. తెలియక ఒప్పుకున్నవి ఉంటే కోప్పడకుండా, ఎలా తీసెయ్యాలో వాళ్ల చేతే చేయించి నేర్పు.