పుట్టుభయం

పతంజలి యోగసూత్రాలకు భాష్యం రాసిన వ్యాసుడు ఒక పురుగును సాక్ష్యానికి పిలుస్తాడు. అప్పుడే పుట్టిన క్రిమికి కూడా చావంటే భయం. అది చావును కళ్లారా చూడలేదు, ఎవరూ చెప్పలేదు, ఊహించుకునేంత తెలివీ దానికి లేదు. కాబట్టి ఇదివరకు ఏదో జన్మలో చచ్చిన అనుభవం దానికి ఉండి తీరాలంటాడు. ఈ భయాన్ని పతంజలి అభినివేశం అన్నాడు. ఎంత చదువుకున్నవాణ్నీ అది వదలదని కూడా ఒప్పుకున్నాడు.

మా కాసిపేటలో సాయంత్రాలు గుడి అరుగు మీద గీత చదువుకునే నలుగురైదుగురిలో బొగ్గు బాయిలో ఫిట్టర్‌గా చేసి దిగిపోయిన పెద్దాయన ఒకడున్నాడు. ఆ పురుగు వాదమంటే ఆయనకు ప్రాణం. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పినవాణ్ని గనక, దాన్ని తెచ్చి నా ముందే పెడతాడు. "పుట్టంగనే దానికెట్ల ఎరుకైంది సారూ? మీ పుస్తకాల్ల ఉన్నదా?"

పురుగు సంగతి లేదు గానీ, చిట్టెలుక సంగతి ఉంది. ప్రయోగశాలలో పుట్టి, తరాల తరబడి నక్క మొహం చూడని చిట్టెలుక కూడా నక్క వాసన తగిలితే చాలు, బిగుసుకుపోతుంది. 2007లో టోక్యో విశ్వవిద్యాలయంలో కొబాయకావా, సకానో బృందం ముక్కు లోపలి పొరలో పైభాగాన ఉండే వాసన నాడీకణాలు లేకుండా చిట్టెలుకలను పుట్టించింది. మిగిలిన కణాలతో ఆ వాసన వాటికి తెలుస్తూనే ఉంది. భయం మాత్రం పోయింది. పిల్లి పక్కకు పోయి నిలబడ్డాయి. ఇంకో విశేషం, అదే వాసనను బాధతో ముడిపెడితే దానికి భయపడటం అవి నేర్చుకోగలిగాయి. అంటే పుట్టుకతో వచ్చే భయానికీ నేర్చుకునే భయానికీ దారులు వేరు.

"అయితే ఆ కణాలల్లనే ఉన్నదన్నట్టు పూర్వజన్మ" అన్నాడు ఫిట్టర్, గెలిచినట్టుగా.

సగం ఒప్పుకున్నాను. వ్యాసుడు గమనించింది నిజమే. ఆయన గీసిన గీత మాత్రం అటుది ఇటు కావాలి. నక్క వాసనకు బెదరని ఎలుకలు నక్క కడుపులోకి పోయాయి, పిల్లల్ని వదిలి పోలేదు. బెదిరినవే మిగిలాయి, కన్నాయి. కాబట్టి ఆ భయం చచ్చినవాళ్ల జ్ఞాపకం కాదు, చావు తప్పించుకున్నవాళ్ల ఆస్తి. ఒక్క జీవుడు మోసుకొచ్చిన మూట అనుకోవడం కన్నా వంశమంతా కూడబెట్టిందనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది.

నేర్చిన భయం సంగతి బొగ్గు బాయిల ఊళ్లకు వేరే చెప్పనక్కర లేదు. మా క్వార్టర్ల లైనులో ఒకాయన పైకప్పు కూలినప్పుడు పక్కనే ఉండి, గీత పడకుండా బయటపడ్డాడు. మర్నాడు నవ్వుతూ డ్యూటీకి పోయాడు. కొన్నాళ్లకు హాజరు వేసే మస్టర్ దాకా పోవడం, చెమటలు పట్టి తిరిగి రావడం మొదలైంది. మొదటిరోజు లేని భయం ఇప్పుడెక్కడిదని లైనంతా నవ్వింది. పనికి పోబుద్ధి గాక వేషాలన్నారు, పిరికోడన్నారు.

ఆ నవ్విన వాళ్లకు బెంగళూరు ఎలుకలను చూపించాలని ఉంటుంది నాకు. అక్కడి జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో సుమంత్ర ఛటర్జీ బృందం ఎలుకలను ఒకే ఒక్కసారి రెండు గంటలు కదలకుండా కట్టడి చేసింది. (వినాయకుడి వాహనాన్ని అట్లా చేయడానికి చెయ్యి ఎట్లా వచ్చిందని మా ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నా చిన్నదేం కాదు.) మర్నాడు చూస్తే ఏమీ లేదు. పది రోజుల తర్వాత చూస్తే మెదడులో భయానికి కీలకమైన అమిగ్డలాలో నాడీకణాల కొమ్మల మీద కొత్త మొలకలు పెరిగాయి, ఎలుకల బెదురూ పెరిగింది. 2005లో అచ్చయింది ఈ పని. రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కట్టడి చేస్తే ఇంకో రకం. జ్ఞాపకానికి, దారులు నేర్చుకోవడానికి పనికొచ్చే హిప్పోక్యాంపస్‌లో కొమ్మలు కుంచించుకుపోతాయి, అమిగ్డలాలో విస్తరిస్తాయి. తర్వాత 21 రోజులు విశ్రాంతిగా వదిలేసినా అమిగ్డలాలో పెరిగింది తరగలేదు. మా లైనాయనకు లోపల ఇదే జరిగిందని ప్రమాణం చేయలేను. ఆలస్యంగా వచ్చిన భయం వేషమని మాత్రం ఎవరైనా అంటే ఊరుకోను.

గీత పదహారో అధ్యాయం దైవీ గుణాలను లెక్కపెడుతూ అన్నిటికన్నా ముందు అభయాన్ని చెబుతుంది. మరి పిల్లి పక్కన నిలబడ్డ టోక్యో చిట్టెలుకది దైవగుణమా? ఎవరూ అట్లా అనరు. భయం లేకపోవడం ఒక్కటే అభయమైతే ఒక కత్తిగాటు చాలు, సాధన ఎందుకు?

ఎలుకల బెదురు కొలవడానికి నేలకు ఎత్తులో ప్లస్ గుర్తు ఆకారపు బల్ల పెడతారు. రెండు చేతులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. బెదురు ఎక్కువైతే గోడల మధ్యే ఉండిపోతుంది, తక్కువైతే బయట తిరుగుతుంది. ఎక్కువగా లెక్క రాసుకునేది అంతే. నా కన్ను మాత్రం మధ్యలో ఇంకోదాని మీద ఆగింది. వెనక కాళ్లు గోడల మధ్యనే ఉంచి, నడుము సాగదీసి, మూతి బయటికి పెట్టి, మీసాలు ఆడిస్తూ వాసన చూసి, చటుక్కున లోపలికి పోయి, మళ్లీ సాగుతుంది. భయం, తెలుసుకోవాలన్న కోరిక, రెండూ ఒకే ఒంట్లో.

మా బాపు మైనింగ్ సర్దార్. బ్లాస్టింగ్ అయి పొగ పోయాక ముందుగా బొగ్గు ముఖం దగ్గరికి పోయేది ఆయనే. పాదాలు చివరి సపోర్ట్ కిందనే ఉంచి, ఒళ్లు ముందుకు వంచి, కర్రతో పైకప్పును తట్టి వినేవాడు. ఖంగుమంటే గట్టిది, డొల్లగా పలికితే ఊడేది. డొల్ల పలికిన చోట సబ్బలితో రాలగొట్టించి, సపోర్ట్ పెట్టించాకే మనుషులను పిలిచేవాడు. కొత్తగా వచ్చిన పిల్లగాళ్లు వణికితే తిట్టేవాడు కాదు, తన పక్కనే నిలబెట్టుకుని కర్ర చేతికిచ్చేవాడు. దిగే ముందు బాయి మీద మైసమ్మకు మొక్కేవాడు. "భయం లేనోనికి మైసమ్మతోని ఏం పని?" అనేవాడు. గీత చెప్పిన అభయం ఇట్లాంటిదే అయ్యుండాలని నా నమ్మకం. భాష్యకారులు నాతో ఏకీభవిస్తారని కాదు.

ఫిట్టర్‌కూ నాకూ తెగనిది వేరే ఉంది. 2013లో జర్మనీలో కెంపర్‌మన్ బృందం జన్యువులన్నీ ఒకటే అయిన 40 చిట్టెలుకలను ఒకే పెద్ద ఇంట్లో మూడు నెలలు ఉంచింది. రానురాను వాటి నడతలు వేరయ్యాయి. కొన్ని మూలమూలా తిరిగాయి, కొన్ని ఉన్నచోటే ఉన్నాయి. ఎక్కువ తిరిగిన వాటి హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాలూ ఎక్కువ. ఏది ముందో ఆ ప్రయోగం తేల్చలేదు.

ఒకటే పుట్టుక, ఒకటే ఇల్లు, తేడా ఎక్కణ్నించి వచ్చింది? జంతువులది భోగయోని, వాటికి కొత్త కర్మ అంటదని శాస్త్రం కదా అని నిలదీశాను. "నలభై జీవులకు నలభై ప్రారబ్ధాలు సారూ, జన్యువులు ఉత్త గోడలు" అన్నాడు. ఏం జరిగినా సరిపోయే జవాబు జవాబెట్లా అవుతుందన్నాను. "మీరు యాదృచ్ఛికం అంటరు గద, అదిగూడ అన్నిటికీ సరిపోతది."

యాదృచ్ఛికమైతే లెక్కకు దొరుకుతుంది, ఇంకో నలభై పెట్టి తేడా ఎంతో కొలవొచ్చన్నాను.

"కొలువుండ్రి" అన్నాడాయన. "కొలిచినంక గూడ ఈ ఎలుకనే ఎందుకు ఎక్కువ తిరిగిందో చెప్పాలె."