పళ్లు లేని సాక్షి

బిట్రగుంటలో బొగ్గింజన్లు తిరిగే కాలం. లోకోషెడ్డు వెనక పారబోసిన బూడిద కుప్పల్లో కాలీ కాలని బొగ్గు ఏరి, గంపకెత్తుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మే ముసలమ్మ ఒకతె ఉండేది. ఒక వానాకాలం పేటలో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వరసగా ముగ్గురు పోయారు.

"చీకటిపడ్డాక షెడ్డు కాడ ఏం పని దానికి? చేతబడి చేస్తా ఉండాది" అన్నారెవరో.

"నాకేం తెలీదు నాయనా. బాయి నీళ్లు కంపు కొడతా ఉండాయి, చూడండయ్యా" అని మొత్తుకుంది. ఎవరూ వినలేదు. ఇక మంత్రం పలకకూడదని రాయి తీసుకుని పళ్లు రాలగొట్టారు. నాలుగోనాడు ప్రాణం పోయింది.

అమావాస్య రాత్రి తిరిగొచ్చింది. తెల్లచీరేం కాదు, అదే మసిచీర, నెత్తిన అదే గంప. బతికుండగా ఆమె మాట చెవిన పెట్టని పెద్దమనుషులు కొబ్బరికాయ కొట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. "చెప్పు తల్లీ, పిల్లల్ని పొట్టన పెట్టుకుందెవరు?" ఆమె నోరు తెరిచింది. చిగుళ్ల మధ్య నుంచి గాలి తప్ప మాట రాలేదు. చెయ్యెత్తి బావిని చూపించింది.

బావికి అవతల, మొగుడు పోయిన ఒకామె గుడిసె ఉంది.

"అదిగో, చూపించేసింది!" అంటూ ఒకడు కర్ర అందుకున్నాడు. దయ్యం పరుగున వచ్చి అడ్డం నిలబడింది. వాళ్లు ఆమెలోంచే నడిచిపోయారు.

నీతి: నోరు పగలగొట్టాక సాక్షి ఏం చూపించినా, కొట్టినవాళ్లకు తాము వెతుకుతున్నదే కనబడుతుంది. కొబ్బరికాయకు పెట్టిన డబ్బులతో బావిలోకి బ్లీచింగు పొడి వచ్చేదన్నది వేరే సంగతి.

కథ కల్పితమే. పళ్లు రాలగొట్టడం మాత్రం కల్పితం కాదు. మెదక్ వైపు బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో ఆ పని నిజంగానే చేశారు. గోదావరి మన్యంలో అలాంటి చేతబడినే చిల్లంగి అంటారు. దయ్యం సాక్ష్యమూ మన ఒక్కరి సొత్తు కాదు. 1692లో అమెరికాలోని సేలంలో, మంత్రగత్తెలన్న ఆరోపణల మీద జరిగిన విచారణల్లో, ఫలానా ఆమె ఆకారం వచ్చి నన్ను పీడించిందని ఎవరైనా చెబితే కోర్టు దాన్ని సాక్ష్యం కింద రాసుకుంది. మరుసటి జనవరిలో కొత్త కోర్టు ఆ సాక్ష్యం చెల్లదంది. మిగిలిన కేసులు చాలావరకు వీగిపోయాయి. అప్పటికే 19 మందిని ఉరి తీశారు, అందులో 14 మంది ఆడవాళ్లు.