పసుపు గుణానికి ప్రమాణం ఏది?

గాయం మీద పసుపు అద్దితే మానుతుందన్నది మెట్‌పల్లి వైపు పసుపు పండించే ఊళ్లలో ఎవరూ అనుమానించని మాట. ఆ మాటకున్న ఆధారం ఎంత గట్టిదన్నది మాత్రం తేల్చవలసిన సంగతే.

17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పాడు. పెద్దలు చెప్పారనడం శబ్దం. గాయం మానడం ప్రత్యక్షం. పసుపు వల్లే మానిందన్నది ఎవరి కంటికీ కనిపించదు, అది అనుమానం, అంటే కనిపించినదాన్నుంచి కనిపించనిదాన్ని ఊహించి తేల్చడం. అనుమానాన్ని చెడగొట్టేది ఉపాధి, అంటే లెక్కలోకి రాకుండా దాగిన అదనపు షరతు. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందనలేం, తడి కట్టె తోడైతేనే పొగ వస్తుంది. పసుపు పెట్టేవారు ముందుగా గాయాన్ని కడుగుతారు. పైగా చిన్న గాయాలు వాటంతటవే మానతాయి. మాన్పింది పసుపా, నీళ్లా, కాలమా?

రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి పోల్చడం ఈ చిక్కుకు ఆధునిక వైద్యం కనుగొన్న ఉపాయం. బ్రిటన్‌లో క్షయకు స్ట్రెప్టోమైసిన్‌ను ఇలాగే పరీక్షించి 1948లో ఫలితాలు ప్రకటించారు. తెలియని ఉపాధులు సైతం రెండు వైపులా ఇంచుమించు సమానంగా పడతాయి కనుక మిగిలిన తేడాను మందుకు ఆపాదించవచ్చు. ఆధారాల బలాన్ని తూచడానికి ఇప్పుడు ఎక్కువగా వాడే 'గ్రేడ్' పద్ధతిలో ఇలాంటి పరీక్షల ఆధారం పై మెట్టున మొదలవుతుంది. పక్షపాతమో, ఫలితాల మధ్య పొంతన లేకపోవడమో కనిపిస్తే దిగుతుంది. కేవల పరిశీలన కింది నుంచి రెండో మెట్టున మొదలై, ప్రభావం చాలా పెద్దదైతే పైకెక్కగలదు. మెట్లు నాలుగు.

పసుపుతో గాయం మాన్పడంపై మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 1995లో అమెరికా పేటెంట్ దక్కింది. భారత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలను, వ్యాసాలను ముందుపెట్టి వాదించి 1997లో దాన్ని రద్దు చేయించింది. పసుపు మహిమ రుజువైందని చాలామంది సంబరపడ్డారు. నిజానికి అక్కడ తేలింది ఆ వాడకం కొత్తది కాదని మాత్రమే. కొత్తదా కాదా అన్న ప్రశ్నకు గ్రంథమే గట్టి సాక్ష్యం. పనిచేస్తుందా అన్న ప్రశ్నకు అదే గ్రంథం బలహీనం. పసుపులోని కర్‌క్యుమిన్‌పై 2017లో వచ్చిన ఒక రసాయన శాస్త్ర సమీక్ష, 120కి పైగా క్లినికల్ పరీక్షలు జరిగినా, రోగికీ వైద్యుడికీ ఏది ఇచ్చారో తెలియకుండా ఉత్తుత్తి మందుతో పోల్చిన వాటిలో ఒక్కటీ నెగ్గలేదంది. ఈ పదార్థం ప్రయోగశాల పరీక్షలను తికమకపెట్టి లేని ప్రభావాన్ని చూపగలదని కూడా చెప్పింది. అయితే కర్‌క్యుమిన్ మీద తేలినదాన్ని పసుపు ముద్దకు నేరుగా అంటగట్టడమూ అనుమానంలో దోషమే. గ్రేడ్ పద్ధతి ఈ దూరానికి కూడా మెట్టు తగ్గిస్తుంది.

కింది మెట్టంటే అబద్ధమని కాదు, ఇంకా తేలలేదని. సలహా బలం వేరే లెక్క: అందులో హాని, ఖర్చు, వేరే మార్గం కూడా తూగుతాయి. గీరుకుపోయిన మోచేతికి పసుపు రాస్తే వైద్యుడు చూసీచూడనట్టు ఊరుకోవచ్చు. మధుమేహ రోగి కాలి పుండుకు అదే పసుపుతో రోజులు గడిపితే ఆలస్యమే కాలు తీయించవచ్చు. అక్కడ పసుపు మీద పరీక్షలు తేలేదాకా ఆగకుండా, వెంటనే ఆస్పత్రికి వెళ్లమని గట్టిగానే చెప్పాలి.