మాలాకైంకర్యము – మనశ్శాంతి

దుఃఖకాలమున తోటపనియందు, మాలలల్లుటయందు ఊరట వెదకుట స్వార్థమగునా? భర్తను కోల్పోయిన ఒక గృహిణి నన్నడిగినది: “స్వామీ! పెరుమాళ్ళకని మాల కట్టుచున్నాను. నా శోకము మరచుటకే కట్టుచున్నానేమోనని భయము.”

శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తులవారు పూదోట పెంచి వటపత్రశాయికి మాలలర్పించిరి. తులసివనమున లభించిన గోదాదేవిని శ్రీరంగనాథునకు సమర్పించి, ఒంటరిగా మరలివచ్చి, ఆ కైంకర్యముననే నిలిచిరని పెద్దలందురు. కుమార్తె వెడలిన ఇంటిని చూచి తల్లి వగచు పాశురములు వారి తిరుమొళియందే కలవు. శోకమునెరిగిన చేతులే ఆ మాలలల్లినవి.

అరటినారను నీట నానవైచి, సన్నగా చీల్చి పూలు కట్టుదుము. ముడి మిక్కిలి బిగిసినచో కాడ తెగును. వదులైనచో పూవు జారును. ఆ మెలకువయందు మనస్సు నిలిచినంతసేపు శోకము ఒదిగియుండును.

నైవేద్యము వండువానికిని ఆకలి కలదు. నివేదించిన పిదప భుజించుట దోషము కాదు, అది ప్రసాదము. మాల స్వామిది, ఊరట ప్రసాదము. అయితే శోకము తీరిన నాడు మాల మానినచో అది ఔషధమాత్రమే. పిదపను కట్టినచో కైంకర్యము.

అమ్మా! భయము వలదు. రేపును తులసికి నీరు పోయుము.