చలి నోర్చుట తపస్సగునా?

సున్నకు దిగువ 110 మొదలు 140 సెంటిగ్రేడు డిగ్రీల వరకు చల్లబరచిన యొక చిన్న గదిలోనికి, నడుమున స్వల్పవస్త్రమును, చేతులకు తొడుగులను, కాళ్లకు మేజోళ్లను, చెవులకును ముక్కునకును కప్పును మాత్రము ధరించి మనుష్యుడు ప్రవేశించి, అందు రెండు మూడు నిమిషములు నిలిచి వెలుపలికి వచ్చుటను సర్వశరీర శీతలచికిత్స యనుచున్నారు. జపాను దేశమున తొషిమా యమౌచి యను వైద్యుడు 1978 ప్రాంతమున కీళ్లవాత రోగుల నొప్పి తగ్గించుటకై దీనిని ప్రారంభించెను. అటుపిమ్మట నిది పోలండు మొదలైన ఐరోపా దేశములకును, అచటినుండి క్రీడాకారుల శిబిరములకును, తుదకు మహానగరముల వ్యాపారశాలలకును వ్యాపించినది. మంచుగడ్డలు నింపిన తొట్టిలో కంఠము వరకు మునుగుట యీ కోవలోనిదే. అయితే రోగోపశమనమునకై పుట్టిన యీ పద్ధతిని గూర్చి నేడు వినబడుచున్న మాటలు రోగముతో ఆగుట లేదు. చలిని జయించినవాడు మనస్సును జయించునని, ఇది యాధునిక మానవుని తపస్సని చెప్పువారు పెక్కురు. తపస్సును మన జాతి వేలయేండ్లుగా శిరసావహించుచున్నది గనుక, ఆ గౌరవమును దేనికి సమర్పించుచున్నామో విచారించుట మన బాధ్యత.

మొదట శరీరధర్మమును చూతము. చర్మము హఠాత్తుగా చల్లబడినంతనే పైనున్న రక్తనాళములు ముడుచుకొని రక్తము లోపలి యవయవములకు మరలును, ఊపిరి యొక్కసారి బిగబట్టినట్లై, పిదప వడివడిగా నాడును, రక్తపుపోటు పెరుగును, నార్‌ఎడ్రినలిన్ అను ద్రవ్యము రక్తమున విశేషముగా చేరును. వెలుపలికి వచ్చిన పిమ్మట కలుగు నుత్సాహమునకును, మనస్సు తేటపడినట్లు తోచుటకును ఈ మార్పులు కారణములు. ఆ యుత్సాహము భ్రమ కాదు. కాని జ్ఞానమును కాదు. గండము గడచిన దేహము తన క్షేమమును తాను పండుగ చేసికొనుటయే యది.

చికిత్సగా దీని విలువయెంత? వ్యాయామము చేసినవారు చన్నీట మునిగినచో, ఊరక విశ్రమించినవారి కంటె కండరముల నొప్పి కొంత తగ్గునని కాక్రేన్ సంస్థవారు 2012లో ప్రకటించిన సమీక్ష తెలుపుచున్నది. శీతలమందిరమును గూర్చి యదే సంస్థ 2015లో విచారింపబోగా, పనికివచ్చు పరిశోధనలు నాలుగు మాత్రమే దొరకినవి. వానియందు పాల్గొన్నవారు 64 మంది. నిశ్చయించి చెప్పుటకు ఆధారము చాలదని వారు తేల్చిరి. బరువులెత్తి బలము పెంచుకొనగోరువారు సాధన ముగిసిన ప్రతిసారి చన్నీట మునిగినచో ఆ బలము పెరుగుటయే మందగించునని 2015లో వెలువడిన మరియొక పరిశోధన చూపినది. ఇట్టి మందిరములలో నొక్కదానికైనను రోగచికిత్స నిమిత్తము తాము ఆమోదమీయలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ప్రకటించి, చల్లబరచుటకు వాడు ద్రవ నైట్రోజన్ ఆవిరివలన ప్రాణవాయువు కొరవడి స్పృహ తప్పవచ్చుననియు, చర్మము గడ్డకట్టి పుండ్లు పడవచ్చుననియు హెచ్చరించినది. కీళ్లనొప్పితో నలుగుచున్నవానికి కొన్ని గంటల యుపశమనము చిన్న లాభము కాదు. దానిని తృణీకరించుట నా యుద్దేశమును కాదు. నొప్పి తగ్గెనా లేదా యనునదే చికిత్సకు తూనిక. ఆ తూనికలో తేలిపోయినదానిని తపస్సను పేరుతో మరల నిలబెట్టజూచుట మాత్రము అన్యాయము.

చలిని చికిత్సగాను ధర్మముగాను ఏకకాలమున చూచిన మహానుభావుడొకడు కలడు. బవేరియా దేశీయుడగు సెబాస్టియన్ క్నైప్ (1821–1897) పేద నేతగాని కుమారుడు. క్రైస్తవ గురువు కావలెనను కాంక్షతో చదువుచు క్షయరోగమున బడి, ఆశ యుడుగుచున్న దశలో యోహాన్ హాన్ అను పూర్వవైద్యుడు జలచికిత్సపై వ్రాసిన గ్రంథము చేతబడగా, 1849 శీతకాలమున డాన్యూబు నదికి పోయి, క్షణకాలము మునిగి, వెంటనే వస్త్రములు ధరించి, వేగముగా నడచి యిల్లు చేరుచు వచ్చెను. ఆయన కోలుకొనెను, 1852లో గురుత్వము స్వీకరించెను, 1855లో వోరిస్‌హోఫెన్ గ్రామమునకు వచ్చి, తాను పొందిన మేలును తన కడకు వచ్చిన దీనులకు పంచుటయందు శేషజీవితమును గడపెను. ఆయన రోగము చన్నీటివలననే కుదిరెనని నేడెవరును రుజువు చేయజాలరు. నన్ను ఆకర్షించినది వేరొక విషయము. 1886లో ప్రకటించిన తన గ్రంథములో ఆయన, అనుభవము పెరిగిన కొలది తన పద్ధతిని ముమ్మారు మార్చి, కాఠిన్యమునుండి మృదుత్వమునకును, మృదుత్వమునుండి మరింత మృదుత్వమునకును దిగివచ్చితినని చెప్పుకొన్నాడు. చలితో వణకుచున్న దేహముపై చన్నీరు పోయరాదని, ముందు దేహము వెచ్చబడవలెనని ఆయన నియమము. ఎంత చలి, ఎంతసేపు అని పందెము వేసికొను నేటివారికిని ఆ గ్రామగురువునకును గల యంతరమిదియే: ఆయన దృష్టి చలిమీద లేదు, ఎదుటనున్న రోగిమీద నున్నది. (ఈ జలచికిత్సా మార్గము మనకును క్రొత్త కాదు, జర్మను దేశీయుడగు లూయీ కూనే గ్రంథమును ద్రోణంరాజు వెంకటచలపతి శర్మగారు 1894లోనే తెనిగించిరి. గాంధీజీయు కూనే స్నానములను స్వయముగా నాచరించినవాడే.)

ఇక ప్రశ్నయొక్క మర్మమునకు వత్తము. బౌద్ధవాఙ్మయమున థేరీగాథలలో పుణ్ణిక యను దాసి వృత్తాంతమున్నది. ఆమె పని నీరు మోయుట. ఎముకలు కొరుకు చలికాలమునను, యజమానురాలి దెబ్బలకును తిట్లకును వెరచి, నదిలో దిగక తప్పని బ్రదుకు. ఒకనాడామె, అదే నీటిలో వడవడ వణకుచు మునుగుచున్న బ్రాహ్మణుని జూచి, నేను దండనకు భయపడి దిగితిని, నీవు దేనికి భయపడి దిగితివని యడిగెను. పాపము కడుగుకొనుటకని యాతడు చెప్పగా, నీట మునుగుటవలననే పాపము పోవునేని కప్పలును తాబేళ్లును మొసళ్లును స్వర్గమునకు పోవలసినదే కదా యనియు, పాపమును కొనిపోవు నది పుణ్యమును మాత్రము విడిచిపెట్టునా యనియు ఆమె ప్రశ్నించెను. ఆతడు కృతజ్ఞతతో నొక వస్త్రమీయబోగా నామె గ్రహింపలేదు. దుఃఖమునకు వెరతువేని పాపము చేయకుమని చెప్పెను.

ఈ కథయందలి తర్కము తీక్ష్ణమైనదే. కాని దానికంటె ఆ దృశ్యము నన్ను కలచివేయుచున్నది. ఇరువురును ఒకే నదిలో నున్నారు. ఇరువురి దేహములను తాకిన చలి యొక్కటే. ఇరువురి రక్తనాళములును ఒకే విధముగా ముడుచుకొని యుండును. చలియే తపస్సగునేని, నిత్యము దానిని భరించిన దాసికి ఆ బ్రాహ్మణుని కంటె నెక్కువ ఫలము రావలెను. అట్లు చెప్పుటకు ఏ ధర్మశాస్త్రకారుడును సాహసింపడు. ఆమెకు కడవ నింపినగాని గట్టెక్కుటకు వీలులేదు. ఆతడు తలచినప్పుడు గట్టెక్కగలడు. శీతలమందిరమునకు తలుపున్నది, లోపలివాడు చేయెత్తినంతనే తెరచు పరిచారకుడున్నాడు, రుసుము చెల్లించిన రసీదున్నది. స్వేచ్ఛగా వరించినది గనుకనే యది వ్రతము కాగలదని యెవరైన ననవచ్చును. ఆ మాటలో సత్యమున్నది. కాని స్వేచ్ఛ వ్రతమునకు ద్వారము మాత్రమే. లోపల నేమి జరిగెనో యింకను చూడవలసియున్నది.

గీత రెండవ యధ్యాయమున శ్రీకృష్ణుడు శీతోష్ణములను గూర్చి పలికినప్పుడు, అవి రాకపోకలు గలవి, అనిత్యములు, వానిని సహింపుమని బోధించెనేగాని, వానిని వెదకికొని పొమ్మని చెప్పలేదు. సహించుమన్న సందర్భమైనను ఎట్టిది? గాండీవము జారిపోయి, బంధువుల నెట్లు చంపుదునని విలపించుచున్న వీరునకు చెప్పిన మాట యది; చలి యచట దుఃఖమునకొక యుదాహరణము మాత్రమే. పదునేడవ యధ్యాయమున శారీరక తపస్సును నిరూపించునప్పుడు ఆయన పేర్కొన్నవి దేవద్విజగురుప్రాజ్ఞుల పూజ, శౌచము, ఋజుత్వము, బ్రహ్మచర్యము, అహింస. చలిలో నిలుచుట యందు లేదు. శరీరమునకు తపస్సు చెప్పవలసిన చోటనే శరీరపీడను చెప్పక, అహింసను చెప్పుట గమనింపదగినది. పైగా దంభాహంకారములతో దేహమును కృశింపజేయువారిని ఆసురనిశ్చయము గలవారని యచటనే నిందించెను.

మన స్నానవిధులును ఇదే చెప్పుచున్నవి. కార్తికమున గోదావరిలోను కృష్ణలోను, మాఘమున సముద్రమునందును తెల్లవారుజామున మునుగు మన తల్లులను చూచి, చలికై పోవుచున్నారని యెవరును తలపరు. సంకల్పము, స్నానము, దీపము, జపము, దానము అను వరుసలో చలి యొక యాకస్మికాంశము. రోగికిని వృద్ధునకును నదీస్నానమునకు బదులుగా మంత్రస్నానము, భస్మస్నానము, మానసస్నానము మొదలైనవి విధింపబడినవి. చలియే పుణ్యహేతువైనచో ఈ ప్రత్యామ్నాయములకు అర్థమే లేదు. వాగ్భటుడును అజీర్ణము, అతిసారము, పీనసము మున్నగు వానితో నున్నవారికి స్నానమునే నిషేధించినాడు. రోమునగరపు తత్త్వవేత్త సెనెకా యౌవనమున నూతన సంవత్సరాదిని చన్నీటి కాలువలో మునిగి యాహ్వానించెడివాడు. వయసు మీరినకొలది ఆ శీతలపు కాలువ నుండి టైబరు నదికిని, అటనుండి యెండకు వెచ్చబడిన తొట్టికిని మారితినని తన లేఖలో సంకోచము లేక వ్రాసికొన్నాడు. దేహము చలికి వెనుదీసినను ఆయన వివేకము వెనుదీయలేదు.

కాబట్టి నా నిర్ణయము చెప్పుచున్నాను. చలిని ఓర్చుట శక్తి, కొందరికి ఔషధము, కొందరికి వినోదము. అది తపస్సగుట, వెలుపలికి వచ్చిన పిమ్మట ఆ మనుష్యుడు ఇతరుల బాధయెడల మరింత సున్నితుడగునా, తన సామర్థ్యమును చూచి మరింత గర్వించునా యను దానినిబట్టి యుండును. మాఘస్నానముతో పాటు తిలదానమును, కంబళదానమును చెప్పిన పెద్దలు ఈ పరీక్షను స్నానములోనే చేర్చిరి: తాను చలిని తెలిసికొన్నవాడు మరియొకని చలిని తీర్చవలెను.

హృద్రోగము, రక్తపుపోటు గలవారు, చలి తగిలినంతనే వ్రేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కువారు, గర్భవతులు వైద్యుని సమ్మతి లేక యీ మందిరములలోను మంచుతొట్లలోను అడుగిడవలదు. ఆరోగ్యవంతులు తమ యిచ్చవచ్చినట్లు చేసికొనవచ్చును. మాఘమున చన్నీట మునుగదలచిన పాఠకులు మాత్రము, నదికి పోవుటకు ముందు తమ యూరి బస్సుస్టాండులోనో, రైలుస్టేషనులోనో, ఆసుపత్రి వరండాలోనో నేలపై రాత్రి గడపుచున్న వారికొక కంబళి యిచ్చి పొండని నా ప్రార్థన.